అసుంతమ్మ వదిలేసిన నీళ్లు

1957 మే 14, మంగళవారం ఉదయం నాగులదిన్నె ఊరబావి దగ్గర మార్తమ్మ కడవ పగిలింది. పగలగొట్టింది మార్తమ్మే.

నాగులదిన్నె పల్నాడులో, వెల్దుర్తికి నాలుగు మైళ్ల దూరం. ఊరికి పడమర రాతితిప్ప ఉంది. తిప్ప మీద ఇరవై ఇళ్లు, ఒక గుడి. ఇళ్లన్నీ తాటాకు ఇళ్లు. ఉండేది కూలిపని చేసుకునే వాళ్లు; అందరూ ఆర్‌సీఎం కిరస్తానీలు. గుడి అంటే వాళ్ల చర్చి; అదొక్కటే బండల మిద్దె. తిప్ప మీద బావి లేదు. రెండు చోట్ల తవ్వారు. రెండు చోట్లా బండ కింద బండ తగిలింది.

ఊరబావిలో తిప్ప వాళ్లు చేద వేయకూడదు. గట్టుకు ఇవతల కడవ పెట్టుకుని నిలబడాలి. ఊరి ఆడవాళ్లు తమ నీళ్లు తోడుకున్నాక పోస్తే పోస్తారు. అట్లా అంటు పాటించడం నేరమని 1955లో చట్టం వచ్చింది. బావి దగ్గర పద్ధతి మారలేదు.

ఆ రోజు మార్తమ్మ తెల్లవారకముందే వెళ్లి, ఎండ ఎక్కేదాకా నిలబడింది. చివరగా సాంబశివరావు ఇంట్లో పనిచేసే కోటమ్మ వచ్చింది. సాంబశివరావు ఊళ్లో అందరికంటే ఎక్కువ పొలమున్న రైతు. పంచాయతీ ప్రెసిడెంటు కూడా ఆయనే.

"అమ్మా, ఒక్క చేద పొయ్యండి. పొద్దుట్నుంచీ నిలబడుండా," అంది మార్తమ్మ.

"ఇయ్యాల తీరిక లేదే. ఇంటికి చుట్టాలొచ్చారు. రేపు రా."

"రేపటి దాహానికి రేపొస్తానమ్మా. ఇయ్యాల్టి దాహానికేం జెయ్యను?"

"నోరు బాగా లేస్తందే నీకు. రేపు గూడా పొయ్యను, పో."

మార్తమ్మ రాయి తీసుకుని తన కడవ తానే పగలగొట్టింది. "ఇంక ఈ బావికి రాను," అంది. పెంకులు అక్కడే వదిలి తిప్ప ఎక్కింది.

ఇంట్లో భర్త ఏసోబు చుట్ట కాలుస్తున్నాడు.

"కడవేదే?"

"బావి కాడుంది."

"మర్చిపోయొచ్చావా?"

"పగలగొట్టొచ్చా. ఆ బావికి నేను పోను. నువ్వు పోయి తెచ్చినా ఆ నీళ్లు తాగను."

మర్నాటి నుంచి ఆమె వాగుకు వెళ్లింది. పోను రెండు మైళ్లు, రాను రెండు మైళ్లు. ఇసకలో చెలమ తీసి, ఊరిన నీళ్లు చిప్పతో కడవకు ఎత్తుకునేది. ఆ ఏడు చెలమలో నీళ్లున్నాయి. అంతకు ముందటి ఏడు చైత్రంలోనే ఎండిపోయింది. చెలమ ఎండిన రోజున బావికి పోక తప్పదు, అన్న మాట తప్పక తప్పదు. ఆ సంగతి మార్తమ్మకూ తెలుసు, ఏసోబుకూ తెలుసు.

అప్పటికి ఏసోబుకు ముప్పై ఐదేళ్లు. రెండో ప్రపంచ యుద్ధంలో, వంతెనలు కట్టే పటాలం మద్రాసు సాపర్స్‌తో పనిచేసి వచ్చాడు. తిప్ప మీద అతన్ని పటాలం ఏసోబు అంటారు. కడవ పగిలిన వారానికి అతను భార్యతో అన్నాడు: "తిప్ప మీదికి నీళ్లు తెస్తా."

"యాడ్నుంచి?"

"ఆకాశం నుంచి."

"పొద్దున్నే తాగావా?"

అప్పుడతను ఇటలీ సంగతి చెప్పాడు.

1944 సెప్టెంబరులో అతని కంపెనీ ఇటలీలో ఒక కొండ కింద వంతెన కట్టింది. కొండ మీద ఊరు ఉంది. ఊరి పేరు మొంతెలారో అని ఏసోబు చెబుతాడు. మాచర్లలో ఫాదర్ గారి దగ్గరున్న పటంలో ఆ పేరు కనపడలేదు. ఊళ్లోకి ఒకటే వాకిలి. వీధులు వీధులు కావు, మెట్లు. ఇళ్లన్నీ రాతివి, ఒకదాని గోడకు ఇంకో ఇల్లు ఆనుకుని ఉంటుంది. పొలాలు కొండ కింద. పొద్దున గాడిదలతో దిగుతారు, సాయంత్రం గాడిదలతో ఎక్కుతారు. ఆ రాయి పల్నాడు నాపరాయి లాగే పొరలు పొరలుగా లేస్తుంది. కొండ మీద బావి లేదు, ఊట లేదు. ప్రతి ఇంటి కిందా బండలో తొలిచిన గుంట ఉంది. కప్పు మీద పడిన వాన దోనెలోంచి ఆ గుంటలోకి దిగుతుంది. గుంటకు మూత, మూతకు తాళం. ఎండాకాలమంతా ఆ నీళ్లే తాగుతారు. గుంటను వాళ్లు చిస్తెర్న అంటారు.

"వాళ్లకి కొండ మీద నీళ్లుంటే మనకెందుకుండవు?" అన్నాడు ఏసోబు.

"మరి ఇన్నేళ్లూ చెప్పలేదేం?"

ఏసోబు మిగిలింది చెప్పాడు.

ఏసోబుతో కలిపి ఆరుగురు సిపాయిలకు ఆ ఊళ్లో ఒక ముసలామె మేకల కొట్టంలో చోటిచ్చారు. ఆమె పేరు అసుంత. ఏసోబు అసుంతమ్మ అనేవాడు. ఆమె రొట్టె ఇచ్చేది. పొయ్యి దగ్గర కూర్చోమనేది. ఒక రోజు నీళ్ల లారీ రాలేదు. కింద ఏటి గట్టున మందుపాతరలున్నాయి, దిగడానికి లేదు. ఆ మధ్యాహ్నమే వాన మొదలైంది. ఆ ఏడు ఎండాకాలం తర్వాత అదే మొదటి వాన. ఆరుగురూ బకెట్లు పట్టుకుని ఆమె ఇంటి దోనె కిందికి పరుగెత్తారు. అసుంతమ్మ కర్రతో వచ్చి దోనెను పక్కకు తోసేసింది. నీళ్లు మెట్ల మీద పడి పోయాయి. ఆమె బకెట్లకు అడ్డంగా చేతులు చాచి నిలబడి అరిచింది. మధ్యమధ్యలో దోనె నీళ్లు అరచేతిలో పట్టుకుని నాలుకతో నాకింది.

"వాళ్లైదుగురూ నవ్వారు. ముసల్దానికి మతి పోయిందన్నారు," అన్నాడు ఏసోబు. "నాకు నవ్వు రాలా. మన బావి కాడ చూసిందే గదా. సముద్రాలు దాటొచ్చినా మన సంగతి ఈళ్లకెట్టా తెలిసిందిరా అనుకున్నా."

మర్నాడు అసుంతమ్మే కొట్టానికి కుండతో నీళ్లు తెచ్చింది. ఐదుగురు తాగారు. ఏసోబు తాగలేదు. కంపెనీ కదిలిన రోజున ఆమె వాకిట్లో నిలబడి చెయ్యి ఊపింది. ఏసోబు తల తిప్పుకున్నాడు.

"అట్టాంటి వాళ్ల పనితనం మనకెందుకయ్యా?" అంది మార్తమ్మ.

"మనుషుల్ని తేవట్లా. గుంటని తెస్తన్నా."

గుంట అప్పటికే ఉంది. గుడి కప్పుకు బండలు తీసిన గుంట గుడి పక్కనే మిగిలిపోయింది. నెలకోసారి పూజకు వచ్చే ఫాదర్ గారు సరేనన్నారు. మాచర్ల నుంచి సున్నం మేస్త్రీ గులాం మొహిద్దీన్ వచ్చాడు. గుంటలో దిగి గోడలు తట్టి చూశాడు.

"పటాలం, ఇది గుంటా, జల్లెడా? పొరకీ పొరకీ సందుంది. నీళ్లు పోస్తే పాతాళానికి సలాం కొట్టి పోతయి."

"ఏం చేస్తే ఆగుతయి?"

"గానుగ సున్నం, ఇటిక పొడి, కరక్కాయ నీళ్లు. మూడు పూతలు. గానుగకి ఎడ్లు గావాల."

తిప్ప మీద ఎవరికీ ఎడ్లు లేవు. ఏసోబు సాంబశివరావు దగ్గరకు వెళ్లాడు. ఆయన అరుగు మీద ఉన్నాడు.

"ఏందిరా పటాలం, తిప్ప మీద సముద్రం తవ్వుతన్నావంట?"

"సముద్రం గాదయ్యా. తాగే నీళ్లకి తొట్టి. నాలుగు రోజులు ఎడ్లిస్తే సున్నం తొక్కించుకుంటాం."

"మా బావి నీళ్లు చేదెక్కినయ్యా?"

"నీళ్లు బాగానే ఉండయ్యి. పోసేవాళ్లకే తీరిక లేదంట."

"ఎడ్లకి గూడా లేదులే. పో."

గానుగ రాయిని మనుషులే లాగారు. ఒక్కో వంతుకు ఆరుగురు. పగలు కూలికి వెళ్లి వచ్చి, పొద్దు గుంకేలోపు లాగేవాళ్లు. గులాం మొహిద్దీన్ వెనక నడిచేవాడు.

"ఛల్, ఛల్! ఎడ్లయితే ఈపాటికి రెండు చుట్లెక్కువ తిరిగేవి."

"ఎడ్లకి చిట్టూ తవుడూ పెడతారు సాయిబూ. మాకేం పెడతావు?" అన్నాడు కాడి పట్టిన మరియదాసు.

"మీకు నీళ్లొస్తయి. ఎద్దుకి తిండి, మనిషికి ఆశ. లాగు."

చలికాలమంతా గోడలకు రాయి కట్టారు. వేసవిలో మూడు పూతలు పూర్తయ్యాయి. ఆ వేసవికి చెలమ పూర్తిగా ఎండలేదు. మార్తమ్మ మోచేయి దిగే లోతు దాకా తవ్వి నీళ్లు తెచ్చింది.

కప్పు నుంచి గుంటలోకి నీళ్లు దిగడానికి ఏం పెట్టాలని గులాం మొహిద్దీన్ అడిగాడు. ఇటలీలో ఏముందన్నాడు.

"వాళ్లది కొయ్య దోనె, వదులుగా ఉండేది," అన్నాడు ఏసోబు. "మనకి వద్దు. మట్టి గొట్టం పెట్టి సున్నంతో బిగించు. ఎవరొచ్చి తోసినా పక్కకి జరక్కూడదు."

మేస్త్రీ అట్లాగే బిగించాడు. తిప్ప వాళ్లు ఆ గుంటకు చిస్తర్న అని పేరు పెట్టుకున్నారు.

1958 జూన్ 19, గురువారం సాయంత్రం మొదలైన వాన రాత్రంతా కురిసింది. ఆ రోజు ఏసోబు, గులాం మొహిద్దీన్ మూతకు ఇనప కమ్మీలు తేవడానికి మాచర్లలో ఉన్నారు. శుక్రవారం ఉదయం తిరిగొచ్చేసరికి తిప్ప మీద అందరూ గుంట చుట్టూ నిలబడి ఉన్నారు. చిస్తర్న నిండింది. ఏసోబు వంగి చూశాడు. నీళ్లు పచ్చగా ఉన్నాయి. పైన గడ్డిపరకలు తేలుతున్నాయి. వాసన వచ్చింది.

"ఇదేంది?"

ఆరోగ్యమ్మ ముందుకు వచ్చింది. ఆమెకు అరవై దాటాయి. గుడి ఊడ్చేది ఆమే.

"నేనేరా," అంది. "బుధవారం ఆడోళ్లని తీసుకుని మిద్దెక్కి, ఊడ్చి, పేడతో అలికిచ్చా. దేవుడి ఇంటి మీద పడే నీళ్లు గదా, తాగే నీళ్లు గదా. పడే చోటు శుద్ధి చెయ్యొద్దా?"

"మిద్దె మీద అలుకేంది పెద్దమ్మా!" అన్నాడు మరియదాసు.

"ముంగిలి అలకట్లా? పొయ్యి అలకట్లా? పండగ్గూడా గాకపాయె, అయినా రెండు తట్టలు పోయించా. మంచి పేడరా అది."

ఇద్దరు నవ్వారు. ఆరోగ్యమ్మ కింద కూర్చుని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుంది. నవ్విన వాళ్లు ఆపారు.

ఏసోబు గట్టు మీద కూర్చున్నాడు. "అలక్కపోతే బాగుండేవి," అన్నాడు.

"అలక్కపోయినా తాగేటట్టుండవు," అన్నాడు గులాం మొహిద్దీన్. "కప్పు మీద ఏడాది దుమ్ముంటది. కాకి రెట్ట, పావురం రెట్ట. మొదటి వానకి అంతా లోపలికే గదా వచ్చేది. ఆ ముసలమ్మని తిట్టబాకు. గొట్టం బిగించిన నన్ను తిట్టు."

ఏసోబు గొట్టం వైపు చూస్తూ కూర్చున్నాడు. కొంతసేపటికి మార్తమ్మను పిలిచాడు.

"ఆమె కప్పు కడుగుతందే."

"ఎవరు? ఆరోగ్యమ్మత్తా?"

"అసుంతమ్మ. ఆ రోజు మొదటి వానతో కప్పు కడుగుతా ఉండింది. ఆపింది మమ్మల్ని గాదు, ఆ నీళ్లని."

మార్తమ్మ అతని పక్కన కూర్చుంది. "చేత్తో పట్టి నాకిందన్నావు."

"రుచి చూసింది. తేరినయ్యో లేదో అని. తేరినాక మర్నాడు తనే తెచ్చిచ్చింది. నేను తాగలా."

"పద్నాలుగేళ్లు పట్టిందా నీకు?"

"పట్టింది."

గుంట చుట్టూ వాదన మొదలైంది. ఉన్న నీళ్లు తోడి పారబోయడానికి చాలామంది ఒప్పుకోలేదు. ఆకాశం మళ్లీ ఎప్పుడు కురుస్తుందో తెలియదు. పేడ అడుక్కు దిగుతుంది, పైనీళ్లు గుడ్డలకైనా పనికొస్తాయి, కాచి తాగొచ్చు అన్నారు. నిండిన తొట్టి ఒంపుకునే వాళ్లు పల్నాట్లో ఎక్కడైనా ఉన్నారా అని మరియదాసు అడిగాడు. అందరి చెమటా ఆ గుంటలో ఉంది; పారబోయమనడానికి తనకు నోరు రాలేదని ఏసోబు తర్వాత చెప్పాడు.

మార్తమ్మ చీర ఎగ్గట్టి, బాన తీసుకుని గుంట మెట్టు దిగింది. మొదటి బాన ముంచి పైకి అందించింది.

"పట్టుకోండి," అంది. "పేడ నీళ్లకోసం నేను కడవ పగలగొట్టలా."

పైన మొదట అందుకున్నది ఆరోగ్యమ్మ. తర్వాత వరస కట్టారు. శనివారం సాయంత్రానికి అడుగు కనపడింది. కొబ్బరి పీచుతో గోడలు రుద్దారు. సున్నం నీళ్లతో రెండుసార్లు కడిగారు. తిప్ప కింది బండిబాట మీద పోతూ సాంబశివరావు బండి ఆపించి, "పేడ చెరువుకి అప్పుడే గండి పడిందంట్రా?" అన్నాడని ముగ్గురు చెప్పారు. తాను అనలేదని ఆయన అన్నాడు.

గులాం మొహిద్దీన్ బిగించిన గొట్టాన్ని తానే పగలగొట్టాడు. దాని చోట తాటి దోనె పెట్టాడు. కర్రతో తోస్తే అది పక్కకు జరుగుతుంది.

తర్వాత వాన లేదు. జూలై ఎండింది. జొన్న మొలకలు వాడాయి. వాగులో మార్తమ్మ చెలమ నడుము లోతు దిగింది. ఒక కడవ నిండడానికి పూట పట్టేది. తిప్ప ఆడవాళ్లలో మిగతావాళ్లు ఊరబావి దగ్గర నిలబడుతూనే ఉన్నారు. మరియదాసు భార్య రాహేలమ్మ బావి నీళ్లు ముంత నిండా తెచ్చి మార్తమ్మ గుమ్మంలో పెట్టింది.

"తాగక్కా. ఎవరికీ చెప్పన్లే."

"నాకు తెలుస్తది గదే," అంది మార్తమ్మ. ఆ ముంత నీళ్లు గుడి దగ్గరి వేపమొక్కకు పోసింది.

ఆగస్టు 27, బుధవారం మధ్యాహ్నం మబ్బు పట్టింది. వాన మొదలయ్యేసరికి తిప్ప వాళ్లంతా కడవలతో గుడి దగ్గరకు వచ్చారు. ఏసోబు కర్రతో దోనెను పక్కకు తోశాడు. కప్పు నీళ్లు బండ మీద పడి వాలుకు పరుగెత్తాయి.

"ఒరేయ్, పోతన్నయిరా!" అన్నాడు మరియదాసు.

"పోనీ."

"రెండు నెల్ల తర్వాత పడిందిరా వాన! ఇదాగితే ఏం చేస్తావు?"

"ఆగితే ఆగిద్ది."

జనం దోనె వైపు జరిగారు. ఒకతను కడవ ముందుకు పెట్టాడు. ఏసోబు కర్ర పక్కన పడేసి, చేతులు రెండూ చాచి దోనెకూ కడవలకూ మధ్య నిలబడ్డాడు. మరియదాసు అతని భుజం పట్టుకుని లాగాడు. ఏసోబు కదల్లేదు. బండ మీద పారే నీళ్లు ఎర్రగా ఉన్నాయి.

మార్తమ్మ దోనె కింద అరచెయ్యి పట్టింది. నాలుకకు తాకించి ఉమ్మేసింది.

"మట్టి," అంది.

వాన తగ్గింది. ఎవరో తిట్టారు. మళ్లీ పెరిగింది. మార్తమ్మ రెండోసారి పట్టింది. మళ్లీ ఉమ్మేసింది. ఈసారి ఎవరూ అరవలేదు. మూడోసారి పట్టి మింగింది. ఆరోగ్యమ్మను పిలిచి ఆమె అరచేతిలో కూడా పోయించింది.

"ఏందత్తా?"

"ఏం లేదే. ఏ రుచీ లేదు," అంది ఆరోగ్యమ్మ.

"అయితే తిప్పయ్యా."

ఏసోబు దోనెను గుంట మీదికి తిప్పాడు. ఆ వాన చీకటి పడేదాకా కురిసింది.

కార్తీకం వెళ్లేసరికి చిస్తర్న మెడ దాకా నిండింది. వాగులో నీళ్లున్నన్నాళ్లు మూత తీయకూడదని తిప్ప మీద కట్టు పెట్టుకున్నారు. తీసిన నాటి నుంచి ఇంటికి రోజుకు ఒక కడవ. తాళంచెవి ఎవరి దగ్గర ఉండాలన్న మాట వచ్చినప్పుడు అందరూ ఏసోబు పేరు చెప్పారు. మార్తమ్మ ఆరోగ్యమ్మ పేరు చెప్పింది.

"ఆమె కాడుంటే పేడ తట్టతో మిద్దెక్కే దమ్ము ఎవరికీ ఉండదు," అంది.

"నా మొహాన కొట్టకే," అంది ఆరోగ్యమ్మ. తాళంచెవిని మెడలో జపమాలకు కట్టుకుంది.

క్రిస్మస్ పూజకు ఫాదర్ గారు వచ్చినప్పుడు ఏసోబు ఒక ప్రార్థన కోరాడు. ఎవరి కోసం అని ఆయన అడిగారు. మొంతెలారో అసుంతమ్మ కోసం అన్నాడు. బతికున్న మనిషికా, పోయిన మనిషికా అని ఫాదర్ గారు అడిగారు. తెలియదు అన్నాడు ఏసోబు. ఫాదర్ గారు ఆ పేరును పూజలో చదివారు.

1959 మార్చి నెలాఖరుకు వాగులో చెలమ ఎండింది. మార్తమ్మ నడుము లోతు దాటి తవ్వింది. తడి ఇసక కూడా తగల్లేదు. మర్నాడు ఆరోగ్యమ్మ చిస్తర్న తాళం తీసింది.

మే 14, గురువారం ఉదయం మార్తమ్మ కొత్త కడవతో చిస్తర్న దగ్గరకు వచ్చి తన వంతు నీళ్లు తోడుకుంది. ఏసోబు గడకర్ర దించి చూశాడు. అడుగున మోకాలెత్తు నీళ్లున్నాయి. ఇరవై ఇళ్ల వాళ్లూ ఆ ఉదయం అక్కడే తోడుకున్నారని ఆరోగ్యమ్మ చెప్పింది. ఊరబావి గట్టుకు ఇవతల ఆ ఉదయం ఒక్క కడవా లేదని కోటమ్మ చెప్పింది.